మేడం పెన్సిల్‌తో రాసిన మాట

మా మేడం పోయారన్న కబురు కాలేజీ పాత విద్యార్థుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే వచ్చింది. గుండెపోటట. ఆవిడ ఫోటో చుట్టూ ఎవరో గులాబీలు అంటించి, కింద ‘ఆకుముడత వైరస్‌ను జయించిన మిరప జన్యువును కనిపెట్టిన మహనీయురాలు’ అని రాశారు. ఏడుపు రావలసిన చోట నాకు అసహ్యం వేసింది. బతికుండగా ఆ మాట ఎవరైనా అని ఉంటే ‘ఛీ’ అని లేచి వెళ్ళిపోయేవారు. పోయినవాళ్ళు లేచి వెళ్ళలేరు కదా, ఆ ధైర్యంతోనే రాసినట్టున్నారు. దాని కింద వరసగా దణ్ణాల బొమ్మలు.

గుంటూరులో ఒక కాలేజీ మేడ మీద మా గది. మూడు కంప్యూటర్లు, వాటి కోసం ఒక ఏసీ. మేం అక్కడ చేసే పని మా ఇంట్లోవాళ్ళకే ఎప్పుడూ అర్థం కాలేదు కాబట్టి రెండు ముక్కల్లో చెబుతాను. మిరపకున్న జన్యువులన్నిటినీ యంత్రం చదివి పెడుతుంది. వేలల్లో ఉంటాయి. ఏది ఏ పని చేస్తుందో చాలావాటికి తెలియదు. అందుకని కంప్యూటర్ ఒక్కోదాన్నీ వేరే మొక్కల జన్యువులతో పోల్చి, ఇది ఫలానాదానిలా ఉంది, పని కూడా అదే అయ్యుండొచ్చు అంటుంది. ఆ ‘అయ్యుండొచ్చు’ దగ్గర మేడం మమ్మల్ని కదలనిచ్చేవారు కాదు.

“నీ మేనమామ ముక్కులాంటి ముక్కుతో ఎవడో వస్తే ఇంటి తాళాలు చేతిలో పెడతావా? పోలిక పోలికేనయ్యా,” అనేవారు.

ఆవిడ దగ్గర ఒక పెద్ద నోటుబుక్కు ఉండేది. కంప్యూటర్ చెప్పిన అంచనాలన్నీ అందులో పెన్సిల్‌తో రాసేవారు. మొక్కని పెంచి, పరీక్ష చేసి, కళ్ళతో చూసినదాన్ని మాత్రమే పెన్నుతో దిద్దేవారు. ఇరవై ఏళ్ళ పుస్తకంలో పెన్ను రాతలు ఎక్కడో గాని కనపడవు. రాయనప్పుడు పెన్సిల్ ఆవిడ జుట్టుముడిలో ఉండేది. దాన్ని అక్కడ మరిచిపోయి బల్ల సొరుగులన్నీ వెతికేవారు. మేం చెప్పేవాళ్ళం కాదు.

అసహ్యం ఆవిడకి ముక్కు మీదే ఉండేది. క్యాంటీన్ టీలో చక్కెరంటే అసహ్యం. సభలంటే అసహ్యం. ఒకసారి ఎవరో కప్పిన శాలువాని తెచ్చి, కంప్యూటర్లు తుడవడానికి బాగుంటుందని నా చేతికిచ్చారు. మధ్యాహ్నం పెరుగన్నంలో ఊరమిరపకాయ నంజుకుంటున్నప్పుడు మాత్రం ఎవరినీ తిట్టేవారు కాదు. వైవాలో నేను ఒక ప్రశ్నకి “తెలియదు మేడం” అన్నాను. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ మొహం చిట్లించాడు. మేడం మాత్రం నా వైపు మొదటిసారి శ్రద్ధగా చూశారు. మర్నాడే నన్ను తన గదిలో పనికి పెట్టుకున్నారు.

ఆ తర్వాత ఒక విత్తనాల కంపెనీ మా కాలేజీకి ప్రాజెక్టు ఇచ్చింది. మిరప జన్యువుల పట్టిక తయారు చేసి పంపాలి. ప్రతి జన్యువు పక్కనా ‘అంచనా’ అనో ‘రుజువు’ అనో చెప్పే కాలమ్ ఉండాలన్నది మేడం నియమం. కంపెనీవాళ్ళు పంపిన ఫారంలో ఆ కాలమ్‌కి చోటు లేదు. పంపాల్సిన గడువు ఆ సాయంత్రమే. మేడం సింగరాయకొండలో అక్కగారింటికి వెళ్ళారు. ఒక్క ఫోను చేస్తే సరిపోయేది. నేను కాలమ్ తీసేసి పంపాను. పెద్ద ఆలోచన కూడా చేయలేదు.

రెండేళ్ళకి ఆ పట్టికలోని ఒక జన్యువు విత్తనాల ప్యాకెట్ మీదికెక్కింది. వైరస్‌ని తట్టుకునే రకమని అచ్చు వేశారు. వినుకొండ దగ్గర మా బాబాయి పత్తి మానేసి ఆ విత్తనం వేశాడు. మావాడి కాలేజీవాళ్ళే కనిపెట్టారంట అని ఊరంతా చెప్పి మరీ వేయించాడు. పూత మీదుండగా ఆకులు దొప్పల్లా ముడుచుకుపోయాయి.

బాబాయి పంపిన ఆ ఆకుల ఫోటోలు చూశాక మేడం మూడు రోజులు ఆ జన్యువు వెనకాలే పడ్డారు. వైరస్‌ని ఆపుతుందన్న పేరు దానికి ఎక్కడినుంచి వచ్చింది? టమాటా జన్యువుల జాబితా నుంచి. టమాటాకి? బంగాళాదుంప జాబితా నుంచి. బంగాళాదుంపకి? చాలా ఏళ్ళ కింద మా గదిలోంచే వెళ్ళిన పాత మిరప జాబితా నుంచి. మేడం పెన్సిల్‌తో రాసిన అంచనాని ఒకరి దగ్గర ఒకరు ఎత్తి రాసుకున్నారు, ‘అయ్యుండొచ్చు’ దారిలో రాలిపోయింది. మొక్కని పెంచి చూసినవాడు ఒక్కడూ లేడు. మా మాటే ఊరంతా తిరిగి మాకు సాక్ష్యంగా వచ్చింది.

“మన ఎంగిలి మనమే కళ్ళకద్దుకుని తిన్నాం,” అన్నారు మేడం. వెళ్ళి నోరు కడుక్కొచ్చారు. నిజంగానే. తర్వాత నా ఎదురుగా కూర్చుని అడిగారు. “కాలమ్ ఉంటే కనీసం అంచనా అని తెలిసేది. అదెవరు తీశారు?”

“తెలియదు మేడం,” అన్నాను.

ఏ మాటకి నన్ను చేరదీశారో ఆ మాటనే వాడుకున్నాను. ఆవిడ నోటుబుక్కు తెరిచి ఏదో రాసుకున్నారు. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ ఆదివారం బస్సెక్కి మా ఊరొచ్చారు. చేలో గట్టు మీద నిలబడి ఆకు తిప్పి చూసి, చేరిన రైతులతో తప్పు నాదేనన్నారు. నేను పక్కనే చెప్పులకంటిన మట్టి చూసుకుంటూ నిలబడ్డాను.

మా బాబాయి కేకలేశాడు. “అంత చదువుకున్నోళ్ళు, మీకే తెలవకపోతే మాకెట్టా తెలిసిద్దండీ?”

“తెలియనిది తెలియదని చెప్పటానికే నాకు జీతం ఇస్తారు బాబూ. ఆ మాటే మీదాకా రాలేదు,” అన్నారు మేడం. మా పిన్ని మజ్జిగ ఇస్తే తాగలేదు.

తప్పు ఒప్పుకుంటూ ఆవిడ కంపెనీకి, కాలేజీకి ఉత్తరాలు రాశారు. పరువు తీసిందని కాలేజీ ఆవిడ చేతిలోంచి ప్రాజెక్టు లాగేసింది. చివరి నాలుగేళ్ళూ పాత కంప్యూటర్ ఒక్కదానితో పని చేశారు.

పదకొండో రోజున సంతాప సభ పెట్టింది అదే కాలేజీ. ఫ్లెక్సీ మీద అదే వాక్యం, ఈసారి కంపెనీ గుర్తుతో సహా. ఉత్తరాలు చించిపారేసినవాళ్ళు మైకు ముందు కళ్ళు తుడుచుకుంటున్నారు. నాకు ఒళ్ళంతా కంపరమెత్తింది. నన్ను పిలిస్తే వెళ్ళి, “మేడం ఆ జన్యువుని కనిపెట్టలేదు. అది అంచనా అనే ఆవిడ చెప్పారు,” అన్నాను. “చూశారా, ఎంత నిరాడంబరమో!” అని ప్రిన్సిపాల్ మైకందుకున్నాడు. చప్పట్లు కొట్టారు. మిగతా సగం నా నోట్లోనే ఉండిపోయింది. దిగొచ్చి కూర్చున్నాను. ఆ హాల్లో అందరికంటే నా మీదే నాకు రోత పుట్టింది.

సభ అయ్యాక మేడం వాళ్ళ అక్కగారు ఒక సంచీ ఇచ్చారు. “ఇది నీకిమ్మని ఎప్పుడో చెప్పింది నాయనా. ఏంటో నాకు తెలియదు,” అన్నారు. ఆ నోటుబుక్కు, దానికి దారంతో కట్టిన పెన్సిల్.

ఇంటికొచ్చి ఆ జన్యువు పేజీ తీశాను. వైరస్‌ని ఆపుతుందన్న మాటని కొట్టేసి, పక్కన ‘ఆపదు. వినుకొండ చేలో చూశాను’ అని పెన్నుతో రాశారు. దాని కింద ‘కాలమ్ తీసింది ఎవరు’ అనేది కూడా పెన్నుతోనే. ఎదురుగా నా జవాబు, ‘తెలియదు’. అది మాత్రం పెన్సిల్‌తో ఉంది.

పెన్సిల్ చివరనున్న రబ్బరుతోనే దాన్ని చెరిపాను. అక్కడ పెన్నుతో నా పేరు రాశాను. రబ్బరు పొడి ఊదబోతే, అందులో ఒక తెల్ల వెంట్రుక కనపడింది. ఊదకుండా, అలాగే ఉంచి పుస్తకం మూశాను.