ఎత్తిపెట్టిన ఫోను

1996 జూన్ 3, సోమవారం, పగలు పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఆత్మకూరులోని మా ఇంటికి ఫోను వచ్చింది. లైన్‌మన్ గోడకు తీగ బిగించి, రిసీవరు నా చేతికిచ్చి చెవి దగ్గర పెట్టుకోమన్నాడు. డయల్ టోన్ వినిపించింది. అక్కడి నుంచే చెప్పాలి.

నేను ముప్పై రెండేళ్ళు లెక్కల టీచరుగా పనిచేశాను. మాది ఉదయగిరి, మూడు తరాలుగా బాప్టిస్టు కుటుంబం. పిల్లకు గాలి సోకిందని బడి మాన్పించిన తల్లిదండ్రులతో ఎన్నోసార్లు వాదించి, ఆ పిల్లలను మళ్ళీ బడికి తెచ్చుకున్నదాన్ని. అలాంటివి అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. ఈ రాస్తున్నదాన్ని ఏమనాలో మాత్రం తెలియదు. నోటుపుస్తకంలో తేదీలు చూసుకుంటూ, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఫోను రావడానికి నాలుగు నెలల ముందు, ఫిబ్రవరి 12న, మా వారికి పక్షవాతం వచ్చింది. ఆయన తెలుగు మాస్టారు. మందిరంలో వాక్యం చదివితే మైకు అక్కరలేదనేవారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట, మూడూ ఒకేసారి పోయాయి.

నెల్లూరులో డాక్టరు గారు నన్ను పక్కకు పిలిచి చెప్పారు. చేతి సంగతి తాను చెప్పలేనన్నారు. మాట మాత్రం ఇంట్లోవాళ్ళ ఓపికను బట్టి ఉంటుందన్నారు. రోజూ ఒకే వేళకు, ఒక గంట, ఎదురుగా కూర్చుని మాటలు పలికించాలి. మొదటి ఏడాదిలో వచ్చిన మాటే మిగులుతుంది, ఆ తరువాత ఆశ తక్కువ.

నేను ఇంట్లో వాడే మాటలు నూట ఇరవై ఎంచి, పేజీకి ఇరవై చొప్పున ఆరు పేజీలు రాశాను. మొదటి మాట నీళ్ళు. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర దాకా మా గంట. ఒక్కో మాటకు కొన్నిసార్లు మూడు రోజులు పట్టేది. చొంగ కారేది. రాకపోతే ఎడమ చేత్తో పుస్తకం విసిరికొట్టేవారు. అయినా జూన్ 2 నాటికి రెండు పేజీలు పూర్తయి, మూడో పేజీలో మొదటి మాట కూడా వచ్చింది. నలభై ఒకటి.

మరునాడు ఫోను వచ్చింది.

మా వీధిలో అదే మొదటి ఫోను. నెల తిరగకముందే వీధిలో సగం మంది మా నంబరును పి.పి. నంబరుగా తమ బంధువులకు ఇచ్చేశారు. కలిగిరి నుంచి ఎవరో చేసేవారు, మూడో ఇంటివాళ్ళను పిలవమనేవారు. నేను లేచి వెళ్ళి పిలిచేదాన్ని. వాళ్ళు వచ్చేదాకా రిసీవరు పట్టుకుని యోగక్షేమాలు అడిగేదాన్ని. ఉదయగిరిలో ఉన్న మా చెల్లెలు సుగుణకూ ఆ ఏడాదే ఫోను వచ్చింది. దానితో ఒక మాట, దాని పక్కింటి ఆమెతో ఒక మాట. ఎక్కువ ఫోన్లు ఆ సాయంత్రపు గంటలోనే వచ్చేవి. అందరూ ఇళ్ళకు చేరే వేళ అది.

ఎవరూ చేయకపోయినా నేను వెళ్ళి రిసీవరు ఎత్తి, టోన్ ఉందో లేదో చూసి పెట్టేదాన్ని. ఎందుకు చూసేదాన్నో నాకే తెలియదు. ఆగస్టులో ఒక రోజు అనుమానం వచ్చి, ఎత్తినప్పుడల్లా గీత గీశాను. ఆ రోజు వచ్చిన ఫోన్లు ఆరు. నేను ఎత్తింది ఇరవై తొమ్మిది సార్లు.

మా ఆడబిడ్డ సంతోషమ్మ మా దగ్గరే ఉండేది. మా వారికి అక్క. చదువు లేదు, నోరు ఉంది.

"దానికి లేసు గుడ్డ కప్పినావు, పొద్దున్నే తుడస్తా ఉండావు. రెండు పూటలా అన్నం గూడా పెట్టు, ఇంకొంచెం బలంగా మోగతాది," అనేది.

ఆగస్టు నెలాఖరున మాటలు పరీక్ష పెడితే ముప్పై మూడే వచ్చాయి. ఎనిమిది పోయాయి.

సెప్టెంబరు 1, ఆదివారం, మందిరం నుంచి వచ్చాక నిశ్చయం చేసుకున్నాను. ఆరున్నరకు రిసీవరు ఎత్తి స్టూలు మీద పక్కన పెడతాను, ఏడున్నరకు మళ్ళీ తగిలిస్తాను. మొదటి వారం చేతులు ఊరికే ఉండలేకపోయాయి. మోగని ఫోను మోగినట్టు వినిపించేది. తరువాత సర్దుకుంది. అక్టోబరు మొదటి వారానికి ముప్పై ఎనిమిది మాటలు వచ్చాయి.

అక్టోబరు 9, బుధవారం, పొద్దున ఎనిమిదింటికి సుగుణ ఫోను చేసింది.

"బావకి మాట వచ్చినాదని నాకు చెప్పవా అక్కా? బయటివాళ్ళమైపోయినామా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవురో చెప్పేదేంది? నిన్న ఏడు గంటలకి చేస్తే బావే ఎత్తినాడు గదా. నేను పలకరిస్తా ఉంటే పట్టించుకోకుండా చేట, జల్లెడ, కవ్వం అని చదవతా ఉన్నాడు. గొంతు మాత్రం ఎప్పటి గొంతే. నాకు ఏడుపు వచ్చినాది."

మూడో పేజీలో రెండో మాట చేట. మూడోది జల్లెడ. నాలుగోది కవ్వం. ఆ పేజీలో మొదటి మాట తరువాతవి ఆయనకు నేను ఇంకా నేర్పలేదు. సుగుణ ఆ పుస్తకం ఎన్నడూ చూడలేదు.

ముందురోజు ఏడు గంటలకు నేను ఆయన ఎదుటే ఉన్నాను. ఆయన "గిన్నె" అనలేక అవస్థ పడుతున్నారు. రిసీవరు మా ఇద్దరి మధ్య స్టూలు మీద ఉంది.

లైన్‌మన్‌ను పిలిపించి అడిగాను. "ఎత్తిపెట్టిన ఫోనుకి బెల్లే పోదు టీచరమ్మా. ఎన్నిసార్లు కొట్టినా ఎంగేజే," అన్నాడు. తీగ అంతా చూశాడు. లోపం లేదన్నాడు.

అక్టోబరు 14, సోమవారం, వదినను ఆయన దగ్గర కూర్చోబెట్టి, బజారు మలుపులో ఉన్న మస్తానయ్య ఎస్.టి.డి. బూత్‌కు వెళ్ళాను. ఆరు గంటల యాభై నిమిషాలకు మా నంబరు నొక్కాను. రెండుసార్లు మోగింది. ఎవరో ఎత్తారు.

"రోకలి," అన్నారు మా వారు.

నేను "ఏమండీ" అన్నాను. బదులు లేదు. "రోకలి" అని మళ్ళీ అన్నారు. నేను ఇంట్లో ఎలా పలికిస్తానో అలాగే, ఒక్కో మాట పది, పదిహేను సార్లు. గొంతులో తడబాటు లేదు. మందిరంలో వాక్యం చదివిన గొంతు. పదమూడు నిమిషాలు నిలబడి విన్నాను. తరువాత ఎంగేజ్ టోన్ వచ్చింది.

ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చాను. రిసీవరు స్టూలు మీద నేను పెట్టినట్టే ఉంది. ఆయన గోడకు ఆనుకుని, నోరు మూసుకుని కూర్చున్నారు. వదిన కందికాయలు ఒలుస్తోంది.

"ఏమన్నా మాట్లాడారా వదినా?"

"ఎవురు? నీ ఫోనా?"

మరుసటి రోజు నేను వెళ్ళకుండా ఉండవలసింది. వెళ్ళాను. ఆ తరువాతా వెళ్ళాను. ఇంట్లో ప్రార్థన కూడిక ఉండే ఆదివారాలు తప్ప, రోజూ. వదినతో మందులకనీ, కూరగాయలకనీ చెప్పేదాన్ని.

ఇది రాయడానికి నాకు సిగ్గుగా ఉంది. ఇంట్లో ఉన్న మనిషి ఒక మాటకు అరగంట పెనుగులాడేవారు. నా వైపు కోపంగా చూసేవారు. ఆ గంట అయ్యేసరికి నాకు నడుము పడిపోయేది. బూత్‌లో ఉన్న మనిషి జబ్బు చేయని మనిషి. రోజుకు మూడు నాలుగు కొత్త మాటలు శుభ్రంగా చెప్పేవారు. ఆయన బాగుపడుతున్నారని నన్ను నేను నమ్మించుకున్నాను. పేజీలు ముందుకు పోతున్నాయి కదా అనుకున్నాను. ఎదురుగా కూర్చోవలసిన గంటలో, ఆయనను ఇంట్లో వదిలి, ఆయన గొంతు వినడానికి వీధి దాటి వెళ్ళాను. తిరిగి వచ్చాక ఆ పూట మళ్ళీ పుస్తకం తెరిచేదాన్ని కాదు.

ఆరో రోజో ఏడో రోజో మస్తానయ్య నన్ను ఆపాడు.

"టీచరమ్మా, ఒక మాట అడగతా, కోపం చేసుకోబాకండి. రోజూ పదమూడు నిమిషాలు చెవిలో పెట్టుకోని నిలబడతా ఉండారు. నా మీటరు ఒక్కసారి గూడా తిరగలా. మీరు ఎవురితో మాట్లాడేది?"

రిసీవరు అతనికిచ్చాను. ఆ క్షణంలో మా వారు "దిండు" అంటున్నారు. అతను విని, తిరిగి ఇచ్చాడు. "ఎంగేజ్ గదమ్మా," అన్నాడు. నా చెవికి మళ్ళీ "దిండు" వినిపించింది. అది నా భ్రమ అనుకోవడానికి ఒక్కటే అడ్డం. అంతకుముందే సుగుణ విన్నది.

నవంబరు 9, శనివారం. నేను బూత్‌కు వెళ్ళిన ఇరవై నాలుగో సాయంత్రం. ఆయన ఆరో పేజీ చివరికి వచ్చారు. అక్కడ మాత్రం వస్తువులు కావు, ఇంట్లోవాళ్ళ పేర్లు రాశాను. ముందు అవసరాలు, తరువాత మనుషులు అని అప్పుడు అనుకున్నాను. "సంతోషమ్మ" అన్నారు. "సుగుణ" అన్నారు. ఇక మిగిలింది నూట ఇరవయ్యో మాట, నా పేరు.

రిసీవరు చెవికి గట్టిగా అదుముకున్నాను. ఊపిరి తీసిన శబ్దం వినిపించింది. ఎంగేజ్ టోన్ వచ్చేసింది. నా గడియారంలో ఏడు గంటల నాలుగు నిమిషాలు.

మళ్ళీ నొక్కాను. ఎంగేజ్. ఏడు ఇరవై ఆరు దాకా నొక్కుతూనే ఉన్నాను. పద్దెనిమిది సార్లు. "ఇంక చాలమ్మా, ఇంటికి పోండి," అన్నాడు మస్తానయ్య.

వదిన వాకిట్లోనే నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"యాడికి పోయినావే? తమ్ముడు నిన్ను పిలిచినాడే. 'విమలా' అని. తేటగా పిలిచినాడు. మూడు తడవలు పిలిచి తలుపు దిక్కే చూస్తా కూచున్నాడు. నువ్వు కూరగాయలకి పోయినావని చెప్పినా. నీ చేతిలో సంచి గూడా లేదు గదే!"

ఎన్ని గంటలకని అడిగాను. టీవీలో వార్తలు అప్పుడే మొదలయ్యాయంది. ఏడు దాటి నాలుగైదు నిమిషాలు.

లోపలికి వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను. "ఇదిగో వచ్చాను" అన్నాను. ఆయన నా ముఖం చూసి గోడవైపు తిరిగారు. ఆ రాత్రీ, తరువాత రెండు రోజులూ నేను అక్కడి నుంచి కదలలేదు. మొదటి పేజీ మొదటి మాట దగ్గర నుంచి అడిగాను. పెదవి విప్పలేదు. మాట రాకా, చెప్పడం ఇష్టం లేకా, నాకు తెలియదు. నవంబరు 12 పొద్దున రెండోసారి పక్షవాతం వచ్చింది. ఆ తరువాత నెల్లూరు డాక్టరు గారు మాటలు పలికించమని చెప్పలేదు.

ఫోనుకు చెక్కపెట్టె చేయించి తాళం వేశాను. తాళంచెవి వదిన కొంగున కట్టాను. పొద్దున తొమ్మిది నుంచి పది దాకా మాత్రం తీసేది. వీధివాళ్ళు కొన్నాళ్ళు తిట్టుకుని, తరువాత వేరే నంబరు చూసుకున్నారు. వదినతో రిసీవరు ఎత్తిపెట్టించి, మస్తానయ్య బూత్ నుంచి మరో ఐదుసార్లు ఆ గంటలో మా నంబరు నొక్కి చూశాను, ఐదుసార్లూ ఎంగేజే. సుగుణను ఎన్నిసార్లు అడిగినా, తాను విన్నది బావ గొంతేనని చెబుతుంది. ఆ గొంతు ఎవరిదో, నూట పందొమ్మిది మాటలు ఎలా తెలుసో, చివరి మాట దగ్గర ఎందుకు ఆగిందో నేను లెక్క తేల్చలేకపోయాను.

తేలిన లెక్క ఇంతే. మా వారు 1998 జనవరి 17న పోయారు. అప్పటిదాకా పద్నాలుగు నెలలకు పైగా ఒక్క మాట లేదు. ఆయన ఎదుట నేను కూర్చోవలసి ఉండి కూర్చోని గంటలు, ఫోను వచ్చిన మొదటి మూడు నెలల్లో నిమిషాలు కూడితే ముప్పై ఏడు, బూత్ సాయంత్రాలవి ఇరవై నాలుగు. మొత్తం అరవై ఒకటి. వచ్చి పోయిన మాటలు నలభై ఒకటి. ఆయన నన్ను పేరు పెట్టి పిలిచింది మూడుసార్లు. నేను విన్నది ఒక్కసారీ లేదు.