సరుగుడు తోపు మునిగే చోట

ఇరవై ఏళ్లుగా ఒక మాట గొంతులో చేపముల్లులా ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు. తెలియదు కాబట్టే మీతో చెబుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ఒక విదేశీ కంపెనీ మన సముద్రంలో గ్యాస్ వెతకడానికి వచ్చింది. కొత్తపట్నం వైపు ఒక పల్లెలో మత్స్యకారులకు నిబంధనలు వివరించాలన్నారు. ఒంగోలులో ఒక వకీలు దగ్గర జూనియర్‌గా ఉన్న నన్ను పిలిచారు. పర్చూరు పక్క మిరపచేలల్లో పెరిగినవాణ్ణి, పడవ ఎక్కి ఎరగను. ఇంగ్లీషు వచ్చు, నల్లకోటు ఉంది. అదే చాలనుకున్నాను.

కాగితాల నిండా అంతర్జాతీయ సముద్ర చట్టం. పన్నెండు మైళ్లు, రెండు వందల మైళ్లు, గ్యాస్ వెతికే బ్లాకు హద్దులు. సగం అర్థం కాలేదు. మైళ్లు మాకు తెలీవు, గుర్తు చెప్పమన్నాడు ఊరి పెద్ద. వాళ్లు ఒడ్డు మీది గుర్తులు చూసే దూరం కొలుస్తారు. తెలియదనడానికి నాకు నోరు రాలేదు. ఒడ్డున ఉన్న సరుగుడు తోపు నీళ్లలో మునిగినట్టు కనపడకుండా పోయిందంటే ఇక అది కంపెనీ సముద్రమనీ, అటు పోతే నేరమనీ చెప్పాను. పెద్దలు అక్కడికక్కడే దాన్ని ఊరి కట్టుబాటు చేశారు. దాటినవాడికి వెలి.

మర్నాడు మా ఊరికి పోయే బస్సులో ఆ కాగితాలు మళ్లీ చదివాను. వెళ్లకూడనిది సముద్రంలో గ్యాస్ కోసం తవ్వే రిగ్గు చుట్టూ ఐదు వందల మీటర్లే. కంపెనీకి ఇచ్చిన అనుమతి అడుగున ఉన్న గ్యాస్ కోసం. మిగతా నీళ్లలో చేపలు పట్టుకోవడానికి మనవాళ్లకు ఏ అడ్డూ లేదు. దిగి వెనక్కి వెళ్లొచ్చు. వెళ్లలేదు. చట్టం తెలియని వకీలని నవ్వరూ? రేపు వెళదామనుకున్నాను. ఒక్కరోజైతే పొరపాటంటారు, నెల దాటాక దాన్ని ఏమంటారు, ఏడాది దాటాక ఏ ముఖం పెట్టుకుని చెప్పను అనుకుంటూ నాకు నేనే దారులన్నీ మూసుకున్నాను.

రెండేళ్లకు మా చేలో మిరప కోతకు వచ్చిన కూలీల్లో ఒకడు నన్ను గుర్తుపట్టి నమస్కారం పెట్టాడు. పేరు కోటయ్య. ఆ పల్లెవాడే. దగ్గర్లో చేపలు దొరక్క హద్దు దాటాడట. వెలేశారు. తోడు వచ్చేవాళ్లు లేక పడవ అమ్మేశాడు. అలవాటు లేని చేతులు మిరప ఘాటుకి మండిపోతుంటే మజ్జిగలో ముంచుకుని కల్లం దగ్గర కూర్చున్నాడు.

"ఎందుకు దాటావయ్యా?" అన్నాను. అది అడగాల్సింది నేనా?

"తప్పు నాదేలెండి సారూ. మీరు ముందే చెప్పారుగా" అన్నాడు.

అప్పుడైనా చెప్పొచ్చు. ఇద్దరమే ఉన్నాం. నేనేం చేశానో తెలుసా? ఇంకాస్త మజ్జిగ తెప్పించాను.

రిగ్గు ఏమీ దొరక్క ఎప్పుడో వెళ్లిపోయింది. కట్టుబాటు ఉందో పోయిందో నాకు తెలియదు. కనుక్కోవాలంటే ఆ ఊరు వెళ్లాలి.

అటు వెళ్లడం నేరం కాదు. కోటయ్య ఏ తప్పూ చేయలేదు. చేసింది నేను. ఈ మూడు ముక్కలు రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది.

కోటయ్యకు చదువు రాదు. అది తెలిసే రాస్తున్నాను.