వెనక గుమ్మం నుంచి చూశాను

ఇది అప్పుడే రాయాల్సింది. కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. నాకు పదేళ్లప్పుడు ఒకావిడ ‘చదువు చెప్పిస్తాను, మా ఇంట్లో ఉంటుంది’ అని నన్ను విజయవాడ తీసుకొచ్చింది. ఆ ఇంట్లో నేను చూసింది అంట్లే, పలక కాదు. ఇన్నేళ్లకు, డిగ్రీ పూర్తి చేసిన మా అమ్మాయి నాకు రాయడం నేర్పింది.

మా ఇంట్లో కాలేజీకి వెళ్లిన మొదటి మనిషి అదే. రెండో ఏడు రెండు సబ్జెక్టులు తప్పి, మానేస్తానంది. బీసెంట్ రోడ్డులో ఒక చీరల కొట్లో ఒకటో తారీఖు నుంచి పనికి పంపుతానని నేను మాటిచ్చేశాను. అంతలో కాలేజీ మేడం, ఆదివారాలు పటమటలో తన ఇంటికి వస్తే ఊరికే పాఠం చెబుతానందట.

ఊరికే ఎవరు చెబుతారు?

అది ఇంటికి రాగానే చేతులు పట్టుకుని వాసన చూసేదాన్ని. మూడో ఆదివారం అంట్ల సబ్బు వాసన తగిలింది.

“టీ తాగిన కప్పు కడిగానే అమ్మా, అంతే.”

“ఇవాళ కప్పు. రేపు గిన్నెలు.”

తర్వాతి ఆదివారం చెప్పకుండా దాని వెనకే వెళ్లాను. ముందు తలుపు తట్టలేదు. పనిమనిషిని ఎక్కడ పెడతారో నాకు తెలుసు, నేరుగా వెనక గుమ్మానికి వెళ్లాను. సింకు దగ్గర మేడమే గిన్నెలు తోముతోంది. మా అమ్మాయి స్టూలు మీద కూర్చుని పుస్తకం చూడకుండా అప్పజెబుతోంది.

“ఆగు, అక్కడే తప్పావు. మళ్లీ చెప్పు” అంటూ తలెత్తి మేడం నన్ను చూసింది.

“మా పిల్లతో మీకేం పనండీ?” అని అడిగేశాను.

“అమ్మా!” అంది అమ్మాయి, సిగ్గుతో చచ్చిపోతూ.

మేడం నవ్వింది. “మా అమ్మ కూడా ఇలాగే మా సార్ ఇంటికొచ్చి కిటికీలోంచి చూసిందండీ. మా ఇంట్లోనూ చదివినవాళ్లు లేరు. మీరు గుమ్మం దాకా వచ్చారు, నయం. పరీక్షల దాకా పంపండి. అనుమానమైతే మీరూ వచ్చి కూర్చోండి.”

పూర్తిగా నమ్మానని చెప్పను. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో కూడా దాని చేతులు చూశాను. వేళ్లకు పెన్ను మరకలున్నాయి.

మర్నాడే ఒకటో తారీఖు. పొద్దున్నే నేను పనిచేసే ఇళ్లకు వెళ్లకుండా బీసెంట్ రోడ్డుకు పోయి, చీరల కొట్టు షట్టర్ తీసేదాకా మెట్ల మీద కూర్చున్నాను. యజమాని రాగానే మా అమ్మాయి పనికి రాదని చెప్పేశాను.