ఫిల్మ్ నగర్‌లో దిగని ముల్లు

ఫిల్మ్ నగర్ చూడాలని నాకు నలభై ఏళ్లుగా కోరిక. తీరా వెళ్లింది మాత్రం ఓ లారీ కోసం.

లారీ యజమాని పేరు యాదగిరి. మంగళవారం ఫోన్ చేశాడు. బండి పాతది, కానీ ఓ సినిమాలో హీరో నడిపే బండి. ఇంజిన్‌లో ఆయిల్ ప్రెజర్ విపరీతంగా పెరిగి, ఫిల్టర్ దగ్గర సీలు రెండుసార్లు చిరిగి, నూనె మొత్తం రోడ్డు పాలైందట. గురువారం సాయంత్రం నాలుగింటికి లారీ గుట్ట ఎక్కే సీను తీయాలి. ఆలోపు బాగుకాకపోతే ఇంకో లారీకి ఇదే రంగు వేసి వాడుకుంటామని సినిమా వాళ్లు చెప్పేశారు. ఈ రకం ఇంజిన్లు తెలిసినవాళ్లలో ఇంకా ప్రాణాలతో ఉన్నది మీరేనని బెజవాడ విడిభాగాల షాపాయన నా నంబరు ఇచ్చాడట. అది పొగడ్తో కాదో తేల్చుకోలేకపోయాను. అయినా, షెడ్డు మూసేసి నాలుగేళ్లుగా ఇంట్లో మిక్సీలు బాగుచేస్తూ విసిగిపోయి ఉన్నాను కాబట్టి ఒప్పుకున్నాను.

గురువారం ఉదయం ఆరింటికి బెజవాడలో రైలెక్కాను. ఎదురు సీటావిడ ఎక్కడికని అడిగితే ఫిల్మ్ నగర్ అన్నాను. ఆవిడ నా మీసాలకేసి గౌరవంగా చూసి, "వేషం కోసమాండీ?" అంది. లారీ కోసమని చెప్పగానే గౌరవం పోయింది గానీ, ఇడ్లీలు మాత్రం పెట్టింది. అంచేత ఆ రోజు టిఫిన్ ఖర్చు తప్పింది.

పదకొండున్నరకు సికింద్రాబాద్‌లో దిగి మెట్రో స్టేషన్‌కు వెళ్లాను. నా సంచీ యంత్రంలోంచి పోగానే అక్కడి ఉద్యోగి ఆపేశాడు. పద్నాలుగు రెంచీలు, సుత్తి, ప్రెజర్ చూసే గేజీ బల్ల మీద పరచమని, ఒక్కోటీ ఏమిటో చెప్పమన్నాడు. అన్నీ చెప్పాక, వీటితో లోపలికి పంపడం కుదరదన్నాడు. కాబట్టి నా వెనక వెళ్లేవారికి మొదటి సలహా, సుత్తి ఉంటే మెట్రో మీద ఆశ పెట్టుకోకండి. ఆటోకు మూడొందల యాభై అయింది. జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాటాక ఆటో అతను ఫలానా హీరో ఇల్లని, ఫలానా హీరోయిన్ ఇల్లని చూపిస్తూ వచ్చాడు. నాకు కనపడినవన్నీ గోడలే.

పన్నెండున్నరకు స్టూడియో ఆవరణలో లారీని చూశాను. దాని ఒళ్లంతా తుప్పు. చేయి పెడితే ఆ తుప్పు నా వేళ్లకు అంటుకుంది. అసలు తుప్పును గీకేసి, కెమెరాకు బాగా కనిపించే తుప్పును రంగుతో వేశారట. యాదగిరికి నలభై అయిదేళ్లుంటాయి. మాట్లాడుతున్నంతసేపూ బానెట్ మీద నుంచి చేయి తీయలేదు.

"ఇరవై ఏండ్లు వేరేటోళ్ల బండ్లు నడిపిన కాకా. ఇది నా సొంతం. గీ సినిమా చెయ్యి జారితే దీన్ని అమ్ముడే, నేను మల్ల కిరాయి డ్రైవర్ అవుడే" అన్నాడు.

ఆ మాటకు నాకు నిజంగానే బాధేసింది. సంచీ విప్పేలోగా ప్రొడక్షన్ మేనేజర్ వచ్చాడు. మా వైపు మనిషే. ప్రెజర్ చూపించే ముల్లు కెమెరాకు ఎలాగూ కనపడదు కదండీ, దాని వైరు పీకేస్తే సరిపోదా అని అడిగాడు. అతని వెనకే ఆర్ట్ డిపార్ట్‌మెంట్ కుర్రాయన బ్రష్షుతో వచ్చి, గేజీలో ఎర్రగా ఉన్న భాగానికి పచ్చరంగు వేయడం అయిదు నిమిషాల పని అన్నాడు. ఇద్దర్నీ పక్కకు జరగమన్నాను. అప్పుడు నోటిదాకా వచ్చిన మాటలు అచ్చువేయదగ్గవి కావు.

పాత బండి ప్రెజర్ ఎక్కువ చూపిస్తే మొదట అనుమానించాల్సింది గేజీనే. అందుకే నా గేజీని నేరుగా ఇంజిన్‌కు బిగించాను. రెండో సంగతి, చల్లటి ఇంజిన్ మాట నమ్మకూడదు. చల్లగా ఉన్నప్పుడు నూనె చిక్కగా ఉండి ముల్లు ఎలాగూ పైకే పోతుంది. ఓ ఇరవై నిమిషాలు నడిపి వేడెక్కాక చూడాలి. స్టార్ట్ చేయించాను. రెండు నిమిషాలు కాకముందే పక్క షూటింగ్ ఫ్లోర్ నుంచి ఒకాయన పరుగెత్తుకొచ్చాడు. లోపల కన్నీటి సీను జరుగుతోందట, మా ఇంజిన్ శబ్దం అందులో పడుతోందట. ఆపాం. మళ్లీ స్టార్ట్ చేశాం, మళ్లీ వచ్చాడు. మూడోసారి అతను వచ్చేసరికి మా ఇంజిన్ చల్లగానూ, నా బుర్ర వేడిగానూ ఉంది.

చివరికి ఒంటిగంటన్నరకు అందరూ భోజనానికి లేచినప్పుడు మాకు వీలు దొరికింది. ఫిల్మ్ నగర్ భోజనాల గురించి చాలా గొప్పగా విన్నాను. కోడికూర వాసన చూస్తూ ఇంజిన్ వేడెక్కించాను. వేడెక్కాక నాలుగు దగ్గర ఉండాల్సిన ముల్లు ఏడు మీద ఉంది. అంటే గేజీ తప్పు లేదు. నూనె వేళ్ల మధ్య రాసి చూశాను, డబ్బా కూడా చూశాను. సరైన నూనే పోశాడు. ఇక మిగిలింది రిలీఫ్ వాల్వ్. పంపు అవసరానికి మించి నెట్టిన నూనె వెనక్కి పోవడానికి ఇంజిన్‌లో ఓ చిన్న దారి ఉంటుంది. దానికి స్ప్రింగు కాపలా. ఆ స్ప్రింగును ఎవరో బలవంతంగా బిగించి ఉంటారని తేల్చి చెప్పాను.

అక్కడితో ఆగితే బాగుండేది. ఇది చేసినవాడు మెకానిక్ కాదని, వాడి చేతికి రెంచీ ఇచ్చినవాణ్ని ముందు తన్నాలని, ఇలాంటివాళ్ల వల్లే మా వృత్తికి చెడ్డపేరని బోల్టు విప్పుతున్నంతసేపూ తిట్టాను. తిడుతుంటే ఆకలి కూడా తెలియలేదు.

యాదగిరికి ఆవేశం వచ్చింది. మూణ్ణెల్ల కిందట ఈ ఇంజిన్‌కు కొత్త బేరింగులు వేసింది అతని బావమరిది శ్రీశైలం. మోతీనగర్‌లో షెడ్డు ఉంది. తప్పు అతనిదేనని అనుమానించి యాదగిరి నెల నుంచి మాట్లాడటం లేదట. "ఇప్పుడు పెద్దమనిషి నోటితోనే తేలింది" అంటూ ఫోన్ తీశాడు.

అదే క్షణాన స్ప్రింగు నా చేతిలోకి వచ్చింది. దాని వెనక రెండు ఇత్తడి వాషర్లు ఉన్నాయి. తుడిచి చూశాను. రెండింటి మీదా పంచ్‌తో కొట్టిన చిన్న సిలువ గుర్తు. బెజవాడలో ఏ భాగం బిగించినా దాని మీద అలా సిలువ కొట్టే మెకానిక్ ఒక్కడే ఉండేవాడు. ఆయన ఏసుపాదం, అంటే నేను.

అంతా గుర్తొచ్చింది. పదిహేనేళ్ల కిందట, నూజివీడు మామిడికాయల వ్యాపారి లారీ. బేరింగులు అరిగి ప్రెజర్ రాకపోతే, స్ప్రింగు ఇంకా బిగిసి ప్రెజర్ పెరిగేలా దాని వెనక రెండు వాషర్లు వేసి పంపాను. అరిగిన ఇంజిన్‌కు అది మందు. ఇప్పుడు కొత్త బేరింగులు పడ్డాయి గానీ వాషర్లు అలాగే ఉండిపోయాయి. గుప్పిట మూశాను. ఎవరూ చూడలేదు. వాటిని జేబులో వేసుకుంటే నా పరువు నా దగ్గరే ఉండేది. కానీ యాదగిరి అప్పటికే ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని ఊపిరి బిగించాడు. నాకు సిగ్గేసింది.

"యాదగిరీ, అతన్నేమీ అనకు. ఇది చేసింది నేనే" అన్నాను.

గుర్తు చూపించి జరిగింది చెప్పాను. యాదగిరి వాషర్ల వైపు, నా వైపు మార్చి మార్చి చూశాడు. ఈలోగా ఫోన్ ఎప్పుడో కలిసిందని మాకు తెలియలేదు. అందులోంచి నెమ్మదిగా ఓ గొంతు వినిపించింది.

"బావా, స్పీకర్ల పెట్టు. కాకాను మల్లొకసారి చెప్పమను. గీడ షెడ్డుల అందరు ఉన్నరు."

మళ్లీ చెప్పాను. అవతల ఎవరో చప్పట్లు కొట్టారు. యాదగిరి మొహం తిప్పుకుని, "శ్రీశైలం, రాత్రి ఇంటికొస్తా" అని మాత్రం అన్నాడు. తర్వాత నాతో, "గప్పుడు నువ్వు గట్ల జెయ్యకుంటే ఈ బండి నా దాకా వస్తుండెనా కాకా. ఫికర్ చెయ్యకు" అన్నాడు. అతను రెండు తిట్లు తిట్టినా నాకు ఇంకొంచెం హాయిగా ఉండేదేమో.

వాషర్లు లేకుండా బిగించాం. ముల్లు నాలుగుంపావు దగ్గర నిలబడింది. మూడింటికి నాకు పెరుగన్నం దొరికింది. నాలుగింటికి లారీ గుట్ట ఎక్కింది. హీరోకు లారీ నడపడం రాదట. అందుకని అతని చొక్కా తొడుక్కుని యాదగిరే నడిపాడు. నాలుగుసార్లు ఎక్కించారు. ఒక్క చుక్క నూనె కారలేదు.

ఆ రాత్రి బస మోతీనగర్‌లో, శ్రీశైలం ఇంట్లో. వెళ్లిపోతానన్నా వినలేదు. కోడికూర అక్కడ దొరికింది. దానికి బదులుగా వాషర్ల కథ అతని భార్యకోసారి, పై వాటావాళ్లకోసారి చెప్పాల్సి వచ్చింది. చెప్పినప్పుడల్లా యాదగిరి మొదటిసారి వింటున్నట్టు నవ్వాడు.

శుక్రవారం ఉదయం తిరుగు రైలెక్కాను. ఫిల్మ్ నగర్ ఎలా ఉందని అడిగేవారికి నేను చెప్పగలిగింది ఇంతే: హీరోను చూడలేదు, అతని చొక్కాను చూశాను. తుప్పుకు కూడా రంగు వేసి నమ్మించగల ఊళ్లో దాచుకోలేకపోయింది నా పనొక్కటే.

కిటికీ పక్కన కూర్చున్నాక ఇంకో సంగతి తట్టింది. అలాంటి వాషర్లు నేను వేసింది ఒక్క లారీకే కాదు. గుర్తున్నంతవరకు పదకొండు. కాగితం మీద పేర్లు రాసుకుని ఫోన్లు మొదలుపెట్టాను. మొదటి బండి తుక్కుకు పోయింది. రెండో ఆయన నంబరు పనిచేయలేదు. మూడో ఆయన, ఖమ్మంలో గ్రానైట్ రాళ్లు తోలే పెద్దమనిషి, నా గొంతు విని పొంగిపోయాడు.

"పోయిన వారమే కొత్త బేరింగులు వేయించినం ఏసుపాదం గారూ. ప్రెజర్ చూడాలె మీరు. ముల్లు ఏడు నుంచి కిందికి దిగుతలేదు. అంతా మీ చేతి చలవ."

బెజవాడ దాకా టికెట్ ఉన్నా, సంచీ తీసుకుని ఖమ్మంలో దిగిపోయాను.