తేదీ లేని కాగితం

ఈ ఉదయం మా అన్న కూతురు ఫోన్లో పంపిన వీడియోలో నిజాంసాగర్ డ్యాము గేట్లు ఎత్తి ఉన్నాయి, కింద ‘ఇప్పుడే’ అని రాసి ఉంది. అది చూసి సంబరపడేలోపే నా వేళ్ళు అలవాటుగా ‘ఎప్పటిదమ్మా ఇది?’ అని అడిగేశాయి. ఆ ప్రశ్న నాది కాదు, బాన్సువాడలో డిగ్రీ చదివే రోజుల్లో మాకు కంప్యూటరు పాఠం చెప్పిన సారుది.

ఊళ్ళో ఇంటర్నెట్ సెంటర్లు కొత్తగా వచ్చిన కాలం. తలా ఒక వార్త వెతికి, అచ్చు తీసి తెమ్మన్నారు సారు. నాకు దొరికింది, సోమవారం నుంచి కాలువకు నీళ్ళు వదులుతారన్న వార్త. నలుగురిలో నోరు విప్పని నేను, కాలేజీకి బయల్దేరే ముందు దాన్ని ఇంట్లో గర్వంగా చదివి వినిపించాను. మాకు బోరు లేదు, కాలువే దిక్కు. నీళ్ళ కబురు తెలిశాకే నారుమడికి వడ్లు నానబెట్టేవాళ్ళం, ఒకసారి మొలకెత్తాక నీళ్ళు రాకపోతే విత్తనమంతా పోయినట్టే.

“కంప్యూటర్ల అచ్చిందంటే ఇగ ఫికర్ లేదు బిడ్డా, మాపటికి నానబోస్త” అన్నాడు బాపు.

క్లాసులో సారు నా కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఎవరు రాసిండ్రు, ఎప్పుడు రాసిండ్రు అని అడిగారు. తేదీ ఎక్కడా లేదు. సోమవారం అని ఉంది కద సార్ అని వెనక బెంచీవాడు అందుకుంటే, “ఏ సోమారం తమ్మీ, ఏడాదికి యాభై వస్తయి” అన్నారాయన. అందరూ నవ్వారు, నాకు మాత్రం ఇంట్లో వడ్ల బస్తా కళ్ళముందు మెదిలింది.

సాయంత్రం పరుగున ఇల్లు చేరి పాత డైరీ తిరగేస్తే, నిరుడు ఇదే కాలంలో రాసుకున్న మాట కనబడింది: సోమవారం కాలువ వచ్చిందని, బాపు కొబ్బరికాయ కొట్టాడని. అప్పటికే బాపు గోలెంలో నీళ్ళు నింపి బస్తా మూతి విప్పుతున్నాడు. డైరీ చూపించి, వార్త నిరుటిదేమోనని తలవంచుకుని ఎలాగో చెప్పాను. బాపు కసరలేదు, కాలువ గట్టు దాకా నడిచి, నీళ్ళు వదిలే లష్కరును అడిగి వచ్చాడు. డ్యాములో నీళ్ళే లేవట.

“నీ కంప్యూటర్ కన్న నీ బుక్కే నయముంది” అని నవ్వి బస్తా మూతి కట్టేశాడు.

ఇందాక మా అన్న కూతురు జవాబిచ్చింది, “పోయినేడాదిదంట అత్తా” అని. ఇప్పుడు కబురు మనల్ని వెతుక్కుంటూ అరచేతిలోకే వస్తోంది, దాని వెంట గట్టు దాకా నడిచే ఓపికే ఎవరికీ మిగల్లేదు. అప్పట్లో ఈ సంగతి చెప్పడానికి నేను ధైర్యం కూడగట్టుకునేలోపే సారు బదిలీ మీద వెళ్ళిపోయారు. ఆయనకు చెప్పలేకపోయిన కృతజ్ఞత నా డైరీలోనే ఉంది, తేదీతో సహా.