ఒంటి దుంగలో గిటారు

మొన్న పక్కింటి అమ్మాయి కొత్త గిటారు తెచ్చి మా హాల్లో పెట్టె మూత తీసింది. వార్నీషు వాసన గుప్పుమంది. దాని అడుగున పచ్చి చెక్క వాసన కూడా తగిలేసరికి, నేను సిగ్గు విడిచి గిటారు మధ్యలో ఉన్న గుండ్రటి రంధ్రానికి ముక్కు ఆనించాను. లోపల అంటించిన కాగితం మీద కొరియాలో తయారైనట్టు ఉంది. ముక్కు అక్కడే ఉంది, మతి మాత్రం ఎటో పోయింది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో కొరియా అంటే పేపర్లో యుద్ధం, కాలిపోయిన ఊళ్లు. ఆ దేశం గిటార్లు చేసి లోకమంతా పంపుతుందని అప్పుడెవరైనా అంటే నవ్వేవాళ్లం. మా తిరువూరు నుంచి పంపుతామంటే మాత్రం నవ్వేవాళ్లం కాదు. ఆ రోజుల్లో మా మామగారు తలపెట్టిన పని అదే.

మామగారు వీణలు చేసేవారు. బెజవాడ రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ఇద్దరు పనివాళ్లు. పనస దుంగను తొలిచి కుండ, మెడలాంటి దండి అన్నీ ఒకే చెక్కలో తీయడం ఆయన పద్ధతి. పైన మూసే పలక తప్ప ఎక్కడా అతుకు ఉండకూడదు. మా ఇంట్లో అతుకు అనేది తిట్టుతో సమానం. చిరిగిన దుప్పటికి మాసిక వేయాలన్నా అత్తయ్య ఆయన బయటికి వెళ్లేదాకా ఆగేది.

పెనుగొలను నుంచి నన్ను చేసుకున్నప్పుడు పిల్లకు సంగీతం వచ్చని మావాళ్లు చెప్పారట. వచ్చిన మాట నిజమే, నిలవలేదంతే. అయినా మామగారు నమ్మారు. వీణ మీద మైనంలో మెట్లు నిలబెట్టేటప్పుడు వంటింటి వైపు కేక వేసేవారు.

“అమ్మాయ్, నీ చెవి ఓసారి ఇటు తీసుకురా!”

“రెండూ తేనా మామయ్యగారూ?”

“ఒకటి చాల్లే. రెండోది మీ అత్తయ్యకి ఉంచు. లేకపోతే నాకు అన్నం పుట్టదు.”

వీణలు అడిగేవాళ్లు తగ్గిపోతున్న ఒక ఎండాకాలంలో బెజవాడ నుంచి వాయిద్యాల కొట్టు శెట్టిగారు వచ్చారు. చేతిలో విదేశీ గిటారు. సినిమాల పుణ్యమా అని కుర్రాళ్లంతా ఇదే అడుగుతున్నారనీ, బయటినుంచి సరుకు రావడం కష్టంగా ఉందనీ, ఇలాంటిది ఒకటి చేసి చూపిస్తే ఇక చేసినన్ని తనే తీసుకుంటాననీ చెప్పారు. ఆ మాట వినగానే పనివాళ్లిద్దరి చేతులూ ఆగిపోయాయి. ఆ ఆర్డరు రాకపోతే ఇద్దరిలో ఒకరు ఇంటికి వెళ్లాల్సిందేనని అందరికీ తెలుసు.

మామగారు గిటారును తిప్పి తిప్పి చూసి నిర్ఘాంతపోయారు.

“ఇదేంటండీ, పక్కలు వేరు, వెనక వేరు, మెడ వేరు! అన్నీ అతుకులే. దీన్ని అంత దూరంనుంచి ఓడలో తెచ్చారా?”

“అది వాళ్ల పద్ధతి ఆచారిగారూ.”

“మన పద్ధతిలో చేద్దాం. ఒంటి దుంగలో తీస్తాను.”

ఏళ్ల తరబడి అటక మీద ఆరిన పనస దుంగను దింపించారు. గిటారు తేలిగ్గా ఉండాలి కదా, అందుకని వీణకన్నా బాగా పలచగా తొలిచారు. తయారయ్యాక చూస్తే మతిపోయింది. ఒళ్లంతా ఒకే చెక్క, ఎక్కడా గీత లేదు. శెట్టిగారు రావలసిన రోజు పొద్దున్న నేను తీగలు కాస్త బిగించి చూశాను. నాదం బాగానే ఉంది గానీ, దాని వెనకాల ఎక్కడో చిటుక్కుమంటోంది.

“మామయ్యగారూ, లోపల ఏదో చిటుకుమంటోందండీ.”

“కొత్త కోడలు, కొత్త గిటారు. రెండూ కొన్నాళ్లు చిటపటలాడతాయి” అని నవ్వేశారు. నేనూ నవ్వాను. కోడలికి అంతకుమించి ఏం వస్తుంది!

శెట్టిగారు వచ్చి కూర్చున్నారు. విదేశీ గిటారు శ్రుతికి మనదాన్ని సరిపెట్టమన్నారు. నేను ఒక్కొక్క తీగా బిగిస్తూ వచ్చాను. చివరి తీగ దగ్గర తుపాకీ పేలినట్టు చప్పుడైంది. గిటారు అడుగునుంచి నడుము దాకా నిలువునా చీలిపోయింది. ఒళ్లో నోరు తెరుచుకున్న చెక్క. అత్తయ్య గరిటెతో పరుగెత్తుకొచ్చి, “ఎంత పని చేశావే!” అంది. పనివాళ్లు నా చేతివైపే చూస్తున్నారు.

శెట్టిగారు మంచి మనిషి. దారి ఆయనే చూపించారు.

“పోనీండి, చిన్నపిల్ల. కాస్త ఎక్కువ బిగించింది. ఇలాంటివే ఇంకో రెండు చేసి పంపండి. ఆర్డరు మీదే.”

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేను తల వంచుకున్నాను. తప్పు ఒప్పుకోవడానికి నోరు తెరిచాను కూడా.

“పిల్ల సరిగ్గానే బిగించిందండీ” అన్నారు మామగారు. “పొద్దున్నే చెప్పింది, లోపల చిటుకుమంటోందని. నేనే వినలేదు. పలచటి చెక్కలు వంచి అతికితే చెక్క ఈనె, అదే లోపలి నార, వంపుతోపాటే తిరుగుతుంది. దుంగలో ఇంత పలచగా తొలిస్తే ఈనె తెగుతుంది. ఇలాంటివి ఇంకో రెండు చేసినా పగిలేవే. అతకడం నాకు రాదు.”

ఆ కాలంలో, బయటి మనిషి ముందు, మామగారు కోడలి మాట నిజమనీ తన మాట తప్పనీ అనడం ఎవరం ఎక్కడా వినలేదు. అత్తయ్య చేతిలో గరిటె గాల్లోనే ఉండిపోయింది. శెట్టిగారు లేచి, తన గిటారు తీసుకుని బస్సుకి వెళ్లిపోయారు. మళ్లీ రాలేదు.

“ఏడవకమ్మాయ్. తీగలు విప్పి దాచు, పనికొస్తాయి” అన్నారాయన. అప్పటికి గానీ నేను ఏడుస్తున్నానని నాకు తెలియలేదు.

అనుకున్నట్టే చిన్న పనివాడు వెళ్లిపోయాడు. అతని పనిముట్ల పెట్టెను మామగారే బస్సుదాకా మోసుకెళ్లారు. మేం గిటార్ల కంపెనీ కాలేదు. వీణలూ, వీణల మరమ్మతులూ చేసుకుంటూ బతికాం. ఆ తర్వాత నేను సరేనని తల ఊపనిదే ఒక్క వీణ కూడా ఆయన గడప దాటించలేదు. నా తల అంత బరువని అప్పుడే తెలిసింది.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఎక్కడైనా ఏదైనా పగిలినప్పుడు, జనం ముందుగా ఎవరివైపు చూస్తారో గమనించడం నాకు అలవాటైపోయింది. ఎప్పుడూ అందరికన్నా చిన్నవాళ్లవైపే. మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కడికీ వేళకు చేరలేని దాన్ని, ఆ పిల్లల ముందుకు మాత్రం చూపులకన్నా ముందే వెళ్లి నిలబడతాను.