పదిలో ఎంత నొప్పి

ఆ నోటుబుక్కు నేను తెరిచి చూశానని ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మకీ చెప్పలేదు, క్లినిక్‌లో మా మేడమ్‌కీ చెప్పలేదు. ఆ రోజు నా డైరీలో వాన పడిందని మాత్రమే రాసుకున్నాను. బహ్రెయిన్‌లో వాన పడటం రాసుకోదగ్గ విషయమే కాబట్టి ఆ పేజీ అబద్ధం కాదు. సగం ఖాళీ, అంతే.

అద్లియాలో ఒక మేడ మీద మా ఫిజియోథెరపీ క్లినిక్. కౌంటర్‌లో కూర్చోవడం నా పని. ఎవరు వచ్చినా లోపలికి పంపేముందు ఒకే ఒక్క ప్రశ్న అడగాలి: "ఈ రోజు నొప్పి పదిలో ఎంత?" సున్నా అంటే నొప్పి లేదు, పది అంటే భరించలేనంత. వాళ్ళు చెప్పిన అంకె ఫారంలో వేస్తాను. వారం తిరిగేసరికి ఆ అంకెలు రిపోర్టులో చేరతాయి. కొత్తవాళ్ళతో ఏం మాట్లాడాలో తోచని నాకు ఈ ప్రశ్న బాగా కలిసొచ్చింది. మాటలు ముందే సిద్ధంగా ఉంటాయి.

అతను తలుపు దగ్గర నడుం దాకా వంగి లోపలికొచ్చాడు. లిథువేనియా మనిషి. ఇక్కడి బాస్కెట్‌బాల్ క్లబ్బు ఒకటి ఆ సీజన్‌కి తెచ్చుకున్న విదేశీ ఆటగాడు. ముప్ఫై నాలుగేళ్ళు. కుడి మోకాలికి దెబ్బ తగిలింది. మా క్లినిక్‌లో ఊడ్చి తుడిచే ఆయన్ని నేను అన్నా అంటాను, ఊరు జగిత్యాల వైపు. తుడుస్తున్న కర్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"ఏం పొడుగున్నడు చెల్లె! గీయనకు మంచం ఏడ దొరుకుతది?"

నవ్వు ఆపుకుని ఆటగాణ్ణి ఇంగ్లీషులో నా ప్రశ్న అడిగాను.

"రెండు, సిస్టర్" అన్నాడు. ఇక్కడ క్లినిక్‌లో కనబడే ఆడవాళ్ళందరూ సిస్టర్లే. నర్సుని కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

బుసైతీన్‌లో మా ఇంటికి వెళ్తూ బస్సులో అతని పేరు ఫోన్‌లో వెతికాను. ఒక పేజీ దొరికింది. ఒక వైపు సంవత్సరాలు, ఇంకో వైపు క్లబ్బులు. మొదట సొంత దేశం, తర్వాత లాత్వియా, పోలెండ్, రొమేనియా, సైప్రస్, చివర బహ్రెయిన్. మంచు దేశం నుంచి ఒక్కో మెట్టూ ఎండలోకి దిగుతూ వచ్చినట్టుంది. ఏ ఊళ్ళో ఏం తిన్నాడో, ఎవరితో మాట్లాడాడో ఒక్క ముక్క లేదు. అడగాలనిపించినవన్నీ డైరీలో రాసుకున్నాను. వైద్యం అయ్యాక అతను మోకాలి మీద ఐసు పెట్టుకుని నా ఎదుటి కుర్చీలో ఇరవై నిమిషాలు కూర్చోవాలి. ధైర్యం కూడగట్టుకుని రోజుకొక్క ప్రశ్న చొప్పున అడిగేదాన్ని.

మొదట మంచం సంగతే అడిగాను.

"మంచం చివర రెండు కుర్చీలు వేసుకుంటాను. క్లబ్బు వాళ్ళు ఫ్లాటు చూపిస్తే నేను ముందు కుర్చీలు చూస్తాను."

ఆట ఎక్కడ నేర్చుకున్నారంటే, బంగాళాదుంపలు నిలవచేసే పాక గోడకి వాళ్ళ నాన్న ఇనుప రింగు కొట్టాడని చెప్పాడు. చలికాలం పారతో మంచు ఎత్తిపోసి ఆడేవాడట. "చలికి బంతి గట్టిపడి పైకి లేవదు. అందుకే బంతిని నేలకి కొడుతూ పరుగెత్తడం నాకు సరిగ్గా రాదు. నిలబడి బుట్టలో వెయ్యడమే వచ్చు. ఇన్నేళ్ళూ అదే అమ్ముకుంటున్నాను."

ఆ పేజీలో ఒక సంవత్సరం ఎదుట ఏ క్లబ్బూ లేదు. అది అడగడానికి నాకు రెండు రోజులు పట్టింది.

"ఆ ఏడు నాన్న లారీలో బంగాళాదుంపలు మోశాను. కాలు బాగాలేదు. ఎవరూ ఫోన్ చెయ్యలేదు."

"మళ్ళీ ఎవరు చేశారు?"

"రొమేనియా వాళ్ళు. వాళ్ళ ఆటగాడికి కాలు విరిగింది." నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు. "మా పనిలో ఖాళీలు అలాగే వస్తాయి, సిస్టర్."

శుక్రవారం కప్పు మ్యాచ్ ఉందనగా ఆ వారం మొదట్లో క్లబ్బు మేనేజరు వచ్చాడు. అరబ్బుల పొడుగు చొక్కా, తెల్లటి తోబు వేసుకున్న పెద్దమనిషి. మా టీ తాగి మెచ్చుకుని, గురువారం సాయంత్రానికి రిపోర్టు కావాలన్నాడు. ఆడగలడంటే ఆడిస్తారు. మూడు వారాలు దాటి ఆగాలంటే అతన్ని పంపించేసి ఇంకొకర్ని తెచ్చుకుంటారు. "యల్లా, గురువారం" అని తొందరపెట్టి లేచాడు. అతను వెళ్ళాక మేడమ్ నా దగ్గరికొచ్చారు. వైద్యం చేసేది ఆవిడే, కాకినాడ మనిషి.

"ఏంటోనమ్మా, నాకు అనుమానంగానే ఉంది. స్కాన్‌లో మోకాలి లోపల చిన్న చిరుగు కనబడుతోంది. అతనేమో నొప్పి లేదంటాడు. ఒకటీ, రెండూ... నువ్వేసిన అంకెలు చూస్తే రేపే పరుగెత్తించేలా ఉన్నాయి."

"ఆడితే ఏమవుద్దండీ?"

"ఆ చిరుగు మీద ఎగిరి దిగాడంటే మొత్తం తెగుద్ది. అప్పుడింక ఆట మాట దేవుడెరుగు, మెట్లు దిగడానికి కూడా మనిషి సాయం కావాలి."

వాన పడింది మంగళవారం. కింద టాక్సీ వచ్చిందని అతను కంగారుగా వెళ్ళిపోయాడు. కుర్చీ కింద నల్ల అట్ట నోటుబుక్కు ఒకటి పడి ఉంది. తీసి సొరుగులో పెట్టాలి. నా డైరీ ఎవరైనా ముట్టుకుంటే మళ్ళీ వాళ్ళ మొహం చూడను. అయినా తెరిచాను. ఏం రాసుకుంటాడో చూడాలనిపించింది, ఇంకే కారణమూ లేదు. భాష తెలియదు. కానీ వరుసకొక తేదీ, పక్కన రెండు మూడు మాటలు, చివర ఒక అంకె. ఆ రోజుది ఏడు. ముందు రోజుది ఎనిమిది. పైన ఏడు, ఆరు, మళ్ళీ ఏడు. అతని ఫైలు తీసి పక్కన పెట్టుకున్నాను. అవే తేదీలకి నా చేతిరాతలో రెండు, రెండు, ఒకటి, రెండు, ఒకటి.

పావుగంటకి తడిసిపోయి తిరిగొచ్చాడు. నోటుబుక్కు అందించాను. నా మొహం కేసి చూశాడు. నేను స్టేప్లర్ కేసి చూశాను.

మేడమ్‌కి చెప్పాలంటే ఎలా తెలిసిందో చెప్పాలి. చెబితే అతని పని పోతుంది, చెప్పకపోతే కాలు పోతుంది. మర్నాడు అన్న కిటికీలు తుడుస్తుంటే ఉండబట్టలేక, "ఆయనకి నొప్పి లేదంట అన్నా" అన్నాను.

"నువ్వు నమ్మినవా?" అన్న గుడ్డ పిండుతూ నవ్వాడు. "మా లేబర్ క్యాంపుల ఒక్కడన్న నడుము గుంజుతుందని చెప్తడా చెల్లె? చెప్తె ఇంటికి టికెట్ చేతుల పెడ్తరు. సిమెంటు మోసేటోడైనా, బంతి ఎగరేసేటోడైనా, గల్ఫుకొస్తే నొప్పులు దాసుకునుడే. నువ్వు గట్ల అడిగితె రెండు గాక ఏం చెప్తరు?"

నేను గట్ల అడిగితే. ఆ మాట దగ్గర ఆగిపోయాను. అడగటంలో తప్పుంటుందని నాకెప్పుడూ తోచలేదు.

గురువారం అతను వచ్చాడు. నేను ఏమీ అడగలేదు. ఫారం అతని వైపు తిప్పి, దాని మీద పెన్ను పెట్టాను.

"ఈ రోజు మీరే రాయండి" అన్నాను.

నోటితో ఏదైనా అనేయొచ్చు. రోజూ తేదీ వేసి రాసుకునే అలవాటున్న చెయ్యి మాత్రం అంత తొందరగా అబద్ధం రాయదని నా ఆశ. రాయకుండా వదిలేస్తుందేమో గానీ, అబద్ధం రాయదు. కనీసం నా చెయ్యి రాయదు. అతని సంగతి నాకేం తెలుసు?

తేదీ ముందే అచ్చయి ఉంది. అయినా పక్కన మళ్ళీ వేశాడు. తర్వాత పెన్ను ఆగింది. చివరికి ఏడు వేశాడు, మధ్యలో చిన్న అడ్డగీతతో. తను రాసినదాన్ని తనే కాసేపు చూశాడు. కొట్టేస్తాడనుకున్నాను. కాగితం నా వైపు జరిపాడు.

మేడమ్ అది చూసి అతన్ని లోపలికి పిలిచి తలుపేసుకున్నారు. చాలాసేపటికి బయటికొచ్చారు. ఆపరేషన్ చేయించుకోవాలి, ఈ సీజన్‌కి ఆట లేదు అని నాచేతే రిపోర్టు టైపు చేయించారు. సాయంత్రం మేనేజరు వచ్చి నిలబడే చదివాడు. కోపం చెయ్యలేదు. "ఖలాస్" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. అక్కడే ఎవరికో ఫోన్ చేసి, కొత్త ఆటగాడు ఆదివారానికి దిగాలని చెప్పాడు.

మంచి పని చేశానో, ఒక మనిషి అన్నంలో మట్టి కొట్టానో ఇప్పటికీ తేల్చుకోలేదు.

శనివారం అతను స్కాన్ కాగితాల కోసం వచ్చాడు. సామాను కింద టాక్సీలోనే ఉందన్నాడు. నేను అడగాలనుకుని రాసుకున్న ప్రశ్న ఒక్కటే, నా మీద కోపంగా ఉందా అని. అడగలేదు. కవరిచ్చి సంతకం తీసుకున్నాను. అతను తలుపు దాకా వెళ్ళి, వంగబోయి, ఆగి వెనక్కి తిరిగాడు.

"నా బదులు వచ్చేవాడు నాకు తెలుసు. పోలెండ్‌లో ఇద్దరం ఒకే గదిలో ఉన్నాం. వాడి ఎడమ చీలమండ బాగాలేదు, తనంతట తను చెప్పడు. మీరు చూడండి, సిస్టర్."